పాలరాతి జుట్టు

నాకు పుట్టుకతోనే అనుమానం. పాలవాడు చెంబు వంచుతుంటే వేలు ముంచి చూసేదాన్ని. కడుపునొప్పి అని పిల్లలు సెలవు చీటీ తెస్తే, కింద సంతకం నాన్నదా అన్నదా అని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసేదాన్ని. "నీకు దేవుడు ప్రత్యక్షమైనా రేషన్ కార్డు చూపించమంటావే" అనేది మా అమ్మ. పైకి కసురుకునేదాన్ని గానీ, లోపల కాస్త గొప్పగానే ఉండేది. సోషల్ టీచరుకి ఆ మాత్రం అనుమానం లేకపోతే ఎలా? ఆ గొప్పతోనే ఒక పాలరాతి విగ్రహానికి నేను అన్యాయం చేశాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఎనభైల్లో నేను పనిచేసిన హైస్కూలు మార్టూరుకి ఇవతల, పెద్ద రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి వెళ్తే వచ్చే ఊళ్ళో ఉండేది. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప, అక్కడక్కడ పొగాకు. మాఘమాసం వచ్చిందంటే కళ్ళాల్లో ఎండే మిరపకాయల ఘాటు క్లాసుల్లోకి వచ్చేసేది. నేను మొగలాయీల గురించి చెబుతుంటే సగం మంది పిల్లలు తుమ్ముతూ ఉండేవాళ్ళు, మిగతా సగం మంది కాయ కోతలకి పోయి ఉండేవాళ్ళు.

బడి గేటు దాటగానే నాలుగు స్తంభాల చిన్న మంటపం. అందులో దిమ్మె మీద ఛాతీ వరకు ఒక ఆడమనిషి పాలరాతి విగ్రహం. చెవులు బోసి, మెడ బోసి. కొంగు భుజాల నిండా కప్పుకుని ఉంటుంది గానీ తల మీద ఉండదు. నడిమి పాపిడి, దానికి రెండు పక్కలా నొక్కులు తిరిగిన ఒత్తైన జుట్టు, వెనక ముడి. కింద పలక మీద ఈ పాఠశాలకు స్థలమిచ్చిన పుణ్యవతి జ్ఞాపకార్థము అని రాసుంటుంది. పిల్లలు ఆవిణ్ణి బడి మామ్మ అనేవాళ్ళు. పరీక్షల రోజు ఆవిడకి దండం పెట్టుకోకుండా ఒక్క పిల్ల లోపలికి వెళ్ళేది కాదు.

బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని స్వర్ణోత్సవం తలపెట్టారు. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "సావనీర్‌లో విగ్రహం చరిత్ర ఒక పేజీ మీరు రాయండమ్మా. పెద్దగా వెతకక్కర్లేదు, ఊళ్ళో అందరికీ తెలిసిందే" అన్నారు. పెద్దగా వెతకక్కర్లేదు అన్నారంటే నాకు వెతకాలనిపిస్తుంది. ఎందుకు వెతకొద్దంటున్నాడీయన అని అప్పుడే పురుగు తొలిచింది.

ఊళ్ళో అందరికీ తెలిసింది ఇది. ఆవిడ కరణం గారింటి పెద్దకోడలు. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట భర్త పోయాడు. ఆ ఇంటి వెనక వసారా పక్క గదిలోనే బతుకంతా గడిపింది. నడివయసులో, తన వాటాకి వచ్చిన పొలమంతా ఆడపిల్లలు కూడా చదవాలన్న షరతు మీద బడికి రాసిచ్చింది. మరిది నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదట. బడి లేచిన కొన్నేళ్ళకి ఆవిడ పోతే, ఆ మరిదే ఈ విగ్రహం పెట్టించాడు. ఆయన మనవడే మా స్కూలు కమిటీ ప్రెసిడెంటు.

స్టూలు వేసుకుని, తడిగుడ్డతో మొహం మీద దుమ్ము తుడుస్తుంటే నాకు తట్టింది. ఈవిడకి జుట్టేమిటి?

నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మమ్మ అక్కగారు మా ఇంట్లోనే ఉండేది. నెలకోసారి పొద్దు పొడవకముందే దొడ్లో పీట వేసుకుని కూర్చునేది. మంగలి వచ్చి గొరిగి వెళ్ళేవాడు. అటు చూడొద్దని మమ్మల్ని గదమాయించేవాళ్ళు. ఒకసారి ఆవిడ నిద్రపోతుంటే ముసుగు తొలగించి తల మీద చెయ్యి పెట్టాను, గరగరలాడింది. నా రెండు జడలూ ఆవిడే వేసేది. వేసి, బాగా రాలేదని విప్పేసి, మళ్ళీ వేసేది. నాకు విసుగొచ్చి పారిపోయేదాన్ని. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో అలాంటి ఆడమనిషికి తల మీద వెంట్రుక ఉండే ప్రశ్నే లేదు. మరి ఈ నొక్కుల జుట్టు ఎవరిది?

విగ్రహం అంతా తడిమి చూశాను. ఎడమ చెవి వెనక కందిగింజంత బొడిపె ఒకటి తగిలింది. రాతిలో లోపం అని నోటుబుక్కులో రాసుకున్నాను. అంత గొప్ప పరిశోధన నాది!

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. కరణీకాలు పోయిన కొత్తలు అవి. దస్త్రాలు పోయినా దర్జా పోని మనిషి ఆయన. మర్యాదగా కాఫీ ఇప్పించాడు.

"మామ్మగారి ఫొటో ఏదైనా ఉందాండీ?" అన్నాను.

"ఆవిడకి ఫొటో ఎవరు తీయిస్తారమ్మా ఆ రోజుల్లో!"

"మరి శిల్పి ఏం చూసి చెక్కాడండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "మా తాతగారు దగ్గరుండి చేయించారు. రాయి జైపూర్‌ది. అప్పట్లో రైల్లో తెప్పించారు" అంటూ రాయి గురించి మొదలెట్టాడు. నేను మొహం గురించి అడిగితే ఈయన రాయి గురించి చెబుతాడేంటి! "జుట్టు ఎలా పెట్టారండీ ఆవిడకి?" అని సూటిగా అడిగేశాను. నీళ్ళు నమిలాడు. "అదీ... శిల్పి ఏదో అందం కోసం పెట్టి ఉంటాడు" అన్నాడు. అబద్ధమని మొహం మీదే రాసి ఉంది.

అప్పుడు గోడ మీద ఆయన మామ్మ ఫొటో కనిపించింది. అంటే విగ్రహం పెట్టించిన మరిది గారి భార్య. నడిమి పాపిడి, ఒత్తైన జుట్టు. గడ్డం కూడా విగ్రహం గడ్డంలాగే ఉంది. ఉందని నాకనిపించింది. ఇంకేం కావాలి? ఆ పెద్దమనిషి వదినగారి పొలం పోయిన కడుపుమంటతో, ఆవిడ పేరు చెప్పి తన పెళ్ళాం బొమ్మ నిలబెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా పిల్లలు దండం పెడుతున్నది వేరే ఆవిడకి!

బతికుండగా మనిషిని గదిలో దాచారు, చచ్చాక మొహం కూడా లేకుండా చేశారు. ఉన్నదంతా ఇచ్చిన మనిషికి ఆవిడ మొహమన్నా ఆవిడకి దక్కొద్దా? పొలమంతా మా ఇంటి నుంచే పోయినట్టు కుతకుతలాడిపోయాను. ఆ కోపం నిజమైనదే, దాన్ని నేనిప్పటికీ కాదనను.

ఇక అందరి మీదా అనుమానమే. పెద్దగా వెతకక్కర్లేదన్న హెడ్మాస్టరు గారికి ఈ సంగతి ముందే తెలుసనుకున్నాను. స్టాఫు రూములో నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతే, నా గురించేనని పసిగట్టాను. మా తెలుగు మాస్టారు పాపం, "పోనీలెండి టీచరు గారూ, మొహం ఎవరిదైతేనేం, పుణ్యం ఆవిడదేగా" అన్నాడు. ఈయన్నీ కొనేశారన్నమాట అనుకున్నాను.

ఉత్సవానికి మూడు వారాల ముందు కమిటీ మీటింగు. హెడ్మాస్టరు గారి గదిలో ప్రెసిడెంటు గారు, ఊరి పెద్దలు, మేమందరం. నన్ను రాసింది చదవమన్నారు. నేను లేచి, "చదవడానికేం లేదండీ. ఆ విగ్రహం ఆవిడది కాదు" అన్నాను.

బయట గంట కొట్టారు, ఎవరూ కదల్లేదు.

"పదకొండో ఏట నుంచీ తల గొరిగించిన మనిషి ఆవిడ. ఆవిడకి జుట్టెక్కడిది? నిజంగా ఆవిడ విగ్రహమే అయితే తల బోడిగా ఉండాలి. ఈ జుట్టూ ఈ మొహమూ ఎవరివో ప్రెసిడెంటు గారి ఇంట్లో గోడ మీద చూసుకోండి. అది సరిచెయ్యకుండా నేను ఒక్క అక్షరం రాయను" అన్నాను. నా నోటి దురుసు నాకు తెలియంది కాదు. కానీ ఆ రోజు ఆ మాటలు నాకెంతో ముద్దొచ్చాయి.

హెడ్మాస్టరు గారు చెమటలు కక్కుతూ "అమ్మా, కూర్చోండి, కూర్చోండి" అంటున్నారు. ప్రెసిడెంటు గారు మాత్రం అరవలేదు, కేకలేయలేదు. మొహం నల్లబడిపోయింది. కండువా సర్దుకుని, "సరే, సరిచేయిద్దాం" అని లేచి వెళ్ళిపోయాడు. దొంగ దొరికిపోయాడు అనుకున్నాను. మర్నాటికి ఊరంతా చెవులు కొరుక్కోవడమే. కూరల బండి దగ్గర నాకు దారిస్తుంటే, అందరూ నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున తలంటుకుని మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. ఒక ముసలాయన వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. ఊరి మంగలి. చేతులు వణుకుతున్నాయని కత్తి మానేసి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో అందరూ తాతా అనే పిలిచేవాళ్ళు.

"పంతులమ్మగారూ, ఒక్క మాట చెప్పి పోతానండి" అన్నాడు.

"ప్రెసిడెంటు గారు పంపారా?" అన్నాను, లేవకుండానే.

"అయ్య బాబోయ్, ఆయనకి తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వడండి" అని, లోపలికి వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. "ఆ బొమ్మ ఆ అమ్మదేనమ్మా. మొహం చెప్పింది నేనే."

"నువ్వు చెప్పడమేంటి తాతా?"

"నేను కాక ఇంకెవరు చెబుతారండీ? మద్రాసు నుంచి శిల్పి వచ్చాడు. మనిషి ఎలా ఉండేదని అడిగాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగాడి ముందుకి రారు. మగవాళ్ళు ఆ అమ్మ మొహం చూసి ఎరగరు. ముసుగులో ఒక మనిషి తిరుగుతుంటే చూశారంతే. మా నాయన పోయాక పద్దెనిమిదో ఏట నుంచి ఆ ఇంటికి నేనే వెళ్ళాను. ముసుగు తీసి ఎదురుగా కూర్చుంది నా ముందే."

నేను నమ్మలేదు. బాగానే నేర్పించి పంపారు అనుకున్నాను. "సరే, మొహం నువ్వే చెప్పావు. మరి జుట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని గద్దించాను, నిలదీసి పట్టుకున్నాననే ధీమాతో.

ఆయన నా వైపు చూసి, "ఆ అమ్మ అడిగింది" అన్నాడు.

ఆయన చెప్పిందిది. ఏళ్ళ తరబడి ఆవిడ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదట. కూర్చోవడం, గొరిగించుకోవడం, నూతి దగ్గరికి వెళ్ళడం. బడికి పొలం రాసిచ్చిన ఏడు ఒక రోజు కత్తి ఆపమని చెయ్యెత్తింది. "ఒరేయ్, నువ్వు ఇన్నేళ్ళ నుంచీ తీసి పారేస్తున్నావే, అది ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పరా" అంది. ఈయన హడలిపోయాడు. ఆ తర్వాత తన విద్య కాబట్టి చెప్పాడు. "నొక్కుల జుట్టమ్మా. మొలకలోనే ఒంపు తిరుగుతుంది, కత్తికి తెలుస్తుంది. ఒత్తు. పెరగనిస్తే పాపిడికి అటూ ఇటూ అలలొస్తాయి" అన్నాడు. ఆవిడ నవ్విందట.

"నేను చూసిన నవ్వు అదొక్కటేనమ్మా" అన్నాడు తాత. "తర్వాత జబ్బు చేసి మంచం పట్టినప్పుడు మరిదిని పిలిపించింది. నేనూ గుమ్మంలో ఉన్నాను. 'బడి దగ్గర నా బొమ్మ పెడతానంటున్నావట. పెడితే జుట్టుతో పెట్టు. ఎలా ఉంటుందో వీడికి తెలుసు' అంది. ఆ పెద్దాయన కళ్ళు తుడుచుకుని సరే అన్నాడు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. గొడ్లచావిడిలో నాలుగు రోజులు శిల్పి మట్టితో చేస్తుంటే పక్కన నిలబెట్టి నా చేతే చెప్పించాడు. ముక్కు ఇంకాస్త సన్నం, గడ్డం ఇంకాస్త లోపలికి, ఇట్టా. ఎడమ చెవి వెనక కందిగింజంత పులిపిరి కూడా పెట్టించానండి. నెలనెలా నా కత్తికి అడ్డం వచ్చేది."

ఆ బొడిపె సంగతి నా నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేదు. మొదటిసారి నాకు అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

మా పెద్ద అమ్మమ్మ నా జడ ఎందుకు అన్నిసార్లు విప్పి వేసేదో అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళకి తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ బొమ్మ జోలికి పోవద్దని చెప్పండమ్మా" అన్నాడు తాత, రెండు చేతులూ ఎత్తి. "మీరు చెబితే వింటారంటున్నారు ఊళ్ళో. పొలమంతా ఇచ్చేసి ఆ అమ్మ అడిగింది ఆ జుట్టొక్కటే."

తడిజుట్టు అలాగే ముడేసుకుని బడికి పరిగెత్తాను. మంటపంలో దిమ్మె ఖాళీగా ఉంది. కింద వరిగడ్డి, పుల్లలు, ట్రాక్టరు చక్రాల గుర్తులు.

ప్రెసిడెంటు గారు ఇంటి అరుగు మీదే ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. "నిన్న సాయంత్రమే మార్టూరు పంపించానమ్మా, రాళ్ళు పాలిష్ చేసే వాళ్ళ దగ్గరికి. మీరు చెప్పినట్టే, తల బోడిగా చేయమన్నాను" అన్నాడు.

"అది ఆవిడేనని మీకు తెలుసు!"

"తెలుసు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

అప్పుడు అరిచాడాయన. "ఏమని చెప్పమంటారు? మా ఇంటి ఆడమనిషి మొహం మంగలి చెబితే చెక్కారని నలుగురిలో చెప్పనా? ఆవిడకి జుట్టు మీద ఆశ ఉండేదని చెప్పనా? మా తాత చచ్చేదాకా ఆ మాట బయటపెట్టలేదు, మా నాన్నా పెట్టలేదు. మీరొచ్చి మా తాత పెళ్ళాం బొమ్మ పెట్టుకున్నాడని నిండు సభలో అంటిరి. అదన్నా పడాలి, లేదా ఇదన్నా చెయ్యాలి. నాకింకో దారి ఉంచారా మీరు?"

బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను, దొరికిన లారీ ఎక్కాను. మార్టూరులో అప్పుడప్పుడే రాళ్ళు కోసే షెడ్లు వస్తున్నాయి. ఎటు చూసినా తెల్లటి బురద, చెవులు చిల్లులు పడే మోత. షెడ్డులో పనివాడు నోటికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, నవ్వుతూ ఎదురొచ్చాడు. "అయిపోయిందండీ. గ్రానైటు అయితే రెండు రోజులు పట్టేది. ఇది మెత్తన రాయి, రెండు గంటల్లో సాఫు చేసేశాం. చూడండి, ఎంత నున్నగా వచ్చిందో!" అన్నాడు.

జుట్టున్న మందమంతా పోయేసరికి తల చిన్నదైపోయింది. చెవులు రెండూ బయటికి పొడుచుకొచ్చాయి. పులిపిరి కూడా లేదు. మొహం మాత్రం అదే. నేను అక్కడే, ఆ రాళ్ళ మధ్య, ఆ పనివాడి ముందే ఏడ్చాను. పని బాగా రాలేదనుకుని అతను కంగారుపడ్డాడు.

ఉత్సవం రోజు విగ్రహాన్ని మళ్ళీ దిమ్మె మీద నిలబెట్టి దండ వేశారు. ఊరంతా వచ్చి చూసింది. "ఇప్పుడు అచ్చం మామ్మలాగా ఉంది" అన్నారు, ఆవిణ్ణి ఒక్కసారి కూడా చూడని వాళ్ళు. చరిత్రలో తప్పు దిద్దానని స్టేజీ మీదికి పిలిచి నాకు శాలువా కప్పారు. నేను మైకు ముందు నిలబడ్డాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. ముందు వరసలో ప్రెసిడెంటు గారు తల వంచుకుని కూర్చున్నాడు. అన్నాళ్ళూ గడగడా మాట్లాడిన నోరు ఆ రోజు పెగల్లేదు. నమస్కారం పెట్టి దిగిపోయాను.

జనమంతా భోజనాలకి వెళ్ళాక మంటపం దగ్గరికి వెళ్ళాను. తాత అక్కడున్నాడు. విగ్రహానికి ఎదురుగా, మునుపు ఆవిడ ముందు ఎలా కూర్చునేవాడో అలాగే కాబోలు, గొంతుక్కూర్చుని తలకేసి చూస్తున్నాడు. క్షమించమని అడగాలనుకున్నాను. "తాతా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు.

"నా కత్తి కింద అయితే పది రోజులకల్లా మళ్ళీ మొలిచేదమ్మా" అన్నాడు.